పోతు దూడకు గడ్డా, దాణా? గోదావరి డెల్టాలో మాంసానికి గేదె దూడలు పెంచే లెక్క

మా వైపు గేదె ఈనిందని తెలిస్తే ఎవరైనా మొదట అడిగేది "పెయ్యా, పోతా?" అనే. పెయ్య అంటే మొహాలు వెలుగుతాయి. పోతు అంటే "పోన్లెండి, పాలు బాగానే ఇస్తుంది కదా" అని మాట మార్చేస్తారు. దమ్ముకు దున్నల్ని కట్టిన రోజుల్లో పోతు దూడకీ ఓ విలువ ఉండేది. ట్రాక్టరు వచ్చాక అది కాస్తా పోయింది. ఇప్పుడు చాలా పాకల్లో పోతు దూడకు రెండు చన్నుల పాలు కూడా సరిగ్గా వదలరు. నట్టల మందు పట్టరు. మూడో నెల దాటేలోపే సగం పోతాయి.

ఆ మిగిలినవాటిని కొని పెంచడం నేను ఆరేళ్ల కిందట మొదలుపెట్టాను. మొదటి జట్టు నాలుగు దూడల్ని దాణా మీద పెంచాను. ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు, నాకు మాత్రం చేతి నుంచి పడింది. ఆ దెబ్బకు రెండో జట్టును పూర్తిగా గడ్డి మీద వదిలేశాను. రెండేళ్లు మేపాక చూస్తే అసలు తిరిగొచ్చింది, అంతే. మూడో జట్టు నుంచి పుస్తకం పెట్టి రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ చెప్పేదంతా ఆ పుస్తకంలోదే. ధరలు మాత్రం లెక్క తేలిగ్గా ఉండాలని గుండుగా వేశాను. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ కట్టుకోండి. పద్ధతి ముఖ్యం, అంకెలు మారుతూనే ఉంటాయి.

1. ముందు చట్టం సంగతి

ఇది దాటేసి ఎవరూ పాక వేయొద్దు. మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం ఆవుల కోత కుదరదు. ఆవు దూడల్ని కోయకూడదు, గేదె దూడల్ని కూడా కోయకూడదు, ఆడదైనా మగదైనా. పెరిగిన దున్న విషయంలో కూడా అధికారి సర్టిఫికెట్ లేనిదే కోతకు వీల్లేదు. పనికి, గేదెల్ని చూడి కట్టించడానికి, పాడికి ఇక అక్కరకు రాదని తేల్చాకే ఆ సర్టిఫికెట్ ఇస్తారు.

అందుకే ఈ మొత్తం లెక్క గేదె పోతు దూడ గురించే. అదీ పూర్తిగా పెరిగి దున్న అయ్యాక అమ్మే లెక్క. చిన్న వయసులోనే అమ్మేద్దామనే ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. మీ మండలం పశువుల డాక్టరు గారిని ముందే కలిసి ఏ కాగితాలు కావాలో, ఏ వయసులో ఎలా చూస్తారో అడిగి మరీ దూడలు కొనండి. జట్టులో ఒకటి రెండు మంచి ముర్రా పోతులు పడితే వాటిని ఆంబోతుగా అమ్ముకునే దారి కూడా ఉంది. ఆ ధర వేరు, ఆ ఆనందమూ వేరు.

2. దూడను చూడటం

ఆరు నెలలు దాటి, 80 నుంచి 100 కిలోల మధ్య ఉన్నదాన్ని కొంటాను. అంతకన్నా చిన్నది చవగ్గా వస్తుంది గానీ, పాలు మానిపించే బాధ, పారుడు, చావు అన్నీ మన నెత్తిన పడతాయి.

పొట్ట కుండలా ఉండి, వెన్ను కత్తిలా లేచి, బొచ్చు ఎర్రబారి పొడుగ్గా ఉంటే కడుపు నిండా ఏలికపాములే. గేదె దూడల్లో ఇవి తల్లి పాల ద్వారానే వచ్చేస్తాయి. పుట్టిన వారం పది రోజుల్లో పైపరాజీన్ పట్టాలి, పట్టినవాళ్లు తక్కువ. అలాంటి దూడ కొనకూడదని కాదు, తక్కువకు వస్తే కొనొచ్చు. కానీ ఎముక చూడండి. మోకాళ్లు లావుగా, నడుం పొడుగ్గా, మూతి వెడల్పుగా ఉన్న దూడ మందు పడ్డాక రెండు నెలల్లో గుర్తుపట్టలేనట్టు మారుతుంది. చిన్న ఎముక దూడకు ఎంత పెట్టినా పొట్టే పెరుగుతుంది. తెచ్చిన రోజే మిగతా పశువుల్లో కలపకుండా రెండు వారాలు విడిగా కట్టేయండి.

3. టేపు కొనండి

బజార్లో పది రూపాయల దర్జీ టేపు చాలు. ఈ వ్యాపారంలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

పొద్దున్నే, మేత పెట్టకముందు దూడను చదునైన చోట నిలబెట్టండి. ముందు కాళ్ల వెనగ్గా ఛాతీ చుట్టూ టేపు తిప్పి అంగుళాల్లో చూడండి. తర్వాత భుజం ఎముక మొన నుంచి పిర్ర ఎముక చివరి దాకా పొడవు. ఛాతీ కొలతను ఛాతీ కొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే సుమారు కిలోల్లో బరువు వస్తుంది. ఛాతీ 60, పొడవు 50 అనుకోండి: 60 × 60 × 50 = 1,80,000. దాన్ని 660తో భాగిస్తే సుమారు 273 కిలోలు.

కాటా మీద పెడితే పది పదిహేను కిలోలు అటూ ఇటూ ఉంటుంది. ఫరవాలేదు. మనకు కావలసింది నెలకెంత పెరిగిందన్నదే. ప్రతి నెలా ఒకటో తారీకున అదే మనిషి, అదే టేపుతో, అదే వేళకు కొలవాలి. మా ఇంట్లో ఆ పని మా చిన్నోడిది. మొదటిసారి వాడు టేపు తిప్పుతుంటే దూడ తోక విసిరింది, పేడంతా వాడి స్కూల్ చొక్కా మీద. ఆ నెల కొలత అంకె పక్కన ఇప్పటికీ ఓ పచ్చ మరక ఉంది.

4. పచ్చగడ్డి ఉచితం కాదు

"గడ్డిదేముందండీ, గట్టు మీద పెరుగుతుంది" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఒకటి రెండు పశువులకు నిజమే. గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల్లో అయితే ఐదారింటికి కూడా నిజమే. ఏటి ఒడ్డున తోలేస్తే సాయంత్రానికి పొట్ట నింపుకుని వస్తాయి. వాళ్లకు నేను దాణా గురించి పెద్దగా చెప్పను. వరద రోజులు తప్ప వాళ్ల మేత ఖర్చు కాపరి కూలే. ఆ వరద రోజులు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2022 జూలై వరదలప్పుడు లంకల నుంచి ఏటిగట్టు మీదికి చేర్చిన పశువులకు రోజుల తరబడి ఎండుగడ్డే దిక్కయింది.

మిగతా డెల్టాలో పశువు మేసే చోటు వరి పండే చోటే. అక్కడ గడ్డి వేస్తే పోయేది వరి. కాబట్టి గడ్డికి ధర కట్టాల్సిందే.

ఎకరానికి రెండు పంటలకూ కలిపి 25 బస్తాల కౌలు అనుకుందాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,777 పడుతుంది. 25 బస్తాలు 44,425. సూపర్ నేపియర్ లాంటి గడ్డికి నాటే కాడ ముక్కలు, ఎరువు, కలుపు, నీళ్లు, కోత కూలి కలిపి ఏడాదికి 40,000 వేయండి. మొత్తం 84,000 పైమాటే. ముక్కలు అమ్మేవాళ్లు ఎకరానికి 150 టన్నులు, 200 టన్నులు అంటారు. మా నేలలో, మా ఓపికతో నాకు 60 టన్నులు దాటలేదు. 60 టన్నుల మీద కిలో 1 రూపాయి 40 పైసలు. మిషన్‌లో ముక్కలు కొట్టే కరెంటుతో కలిపి రూపాయిన్నర.

కిలో గడ్డిలో 800 గ్రాములు నీళ్లే. రూపాయిన్నర గడ్డి కిలోలో పశువుకు దక్కే ఎండు బరువు 200 గ్రాములు. అంటే ఎండు లెక్కన కిలో ఏడున్నర రూపాయలు. ఎండు వరిగడ్డి కట్టలు ఇంటికి తెచ్చి వేస్తే కిలో నాలుగు పడుతుందనుకుంటే, ఎండు లెక్కన నాలుగున్నర. తేడా చూశారా? పచ్చగడ్డి పొట్ట నింపడానికి కాదు. ఎండుగడ్డిని అరిగించడానికి కావలసిన ప్రొటీన్, విటమిన్ కోసం. అందుకే రెండూ సగం సగం.

నీళ్లు నిలిచే పల్లపు చెక్క ఉంటే నేపియర్ వేయకండి, కుళ్లిపోతుంది. పారా గడ్డి వేయండి. కాలవలు కట్టేసే ఏప్రిల్, మే నెలలకు బోరు లేనివాళ్లు ముందే ఎండబెట్టిన మేత దాచుకోవాలి. దాళ్వాకు (రబీ వరికి) నీళ్లందని చేలల్లో సార్వా (ఖరీఫ్ వరి) కోతకు కొద్ది రోజుల ముందు జనుము, పిల్లిపెసర చల్లే అలవాటు మన పెద్దలది. పూత దశలో కోసి నీడన ఆరబెట్టి దాస్తే వేసవిలో అదే బంగారం. మినుము నూర్చాక మిగిలే కట్టె, పొట్టు కూడా తగలబెట్టకుండా తెచ్చుకోండి. వరిగడ్డి కన్నా ఎన్నో రెట్లు మేలు.

5. వరిగడ్డికి ప్రాణం పోయడం

వరిగడ్డిలో ప్రొటీన్ మూడు నాలుగు శాతం మించదు. పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. నేపియర్‌లోనూ అదే గొడవ. కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం రోజూ 30 నుంచి 50 గ్రాములు పెట్టకపోతే ఎముక పెరగదు. దీనికి ఖర్చెందుకని మానేసిన ఏడాది నా దూడలు గోడ సున్నం నాకేవి.

యూరియా మాగుడు పెట్టడం చాలామందికి తెలుసు, చేసేవాళ్లు తక్కువ. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియాను పూర్తిగా కరిగించి, గడ్డిని పొరలు పొరలుగా పరిచి, పూలకుండీ నీళ్ల డబ్బాతో సమంగా చల్లి, కాలితో గట్టిగా తొక్కుతూ వెళ్లాలి. పైన టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో మూసేయాలి. 21 రోజులు ముట్టుకోవద్దు. తీసినప్పుడు గడ్డి తేనె రంగుకు తిరిగి, ఘాటు వాసన కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. కావలసినంత తీసి గంటన్నర గాలికి ఆరబెట్టి పెట్టండి. మొదట్లో మూతి తిప్పుకుంటాయి. మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలిపితే వారానికి అలవాటు పడతాయి. ప్రొటీన్ ఇంచుమించు రెట్టింపవుతుంది, తినే గడ్డి కూడా పెరుగుతుంది.

ఆరు నెలల లోపు దూడలకు ఇది వద్దు. యూరియా బస్తా, కలిపిన నీళ్ల తొట్టి పశువుకు అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచవద్దు. ఆ నీళ్లు తాగిన పశువు గంటల్లోనే చస్తుంది.

6. దాణా ఎంత, ఎందుకు

మన దగ్గర దాణాకు కావలసినవన్నీ మిల్లు గుమ్మంలోనే ఉంటాయి. నేను కలిపే పద్ధతి, వంద కిలోలకు: నూకలు గానీ మొక్కజొన్న గానీ 30, తవుడు 27, చెక్క 25, మినప లేదా పెసర పొట్టు 15, ఖనిజ లవణాలు 2, ఉప్పు 1. చెక్క అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, సగం కొబ్బరి చెక్క, సగం వేరుశనగ చెక్క. అంబాజీపేట వైపు వాళ్లకు కొబ్బరి చెక్క తాజాగా దొరుకుతుంది. పాతదై మక్కిన వాసన వస్తే కొనకండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క అసలే వద్దు. పచ్చి తవుడు కూడా పది పదిహేను రోజులకు మించి నిలవ ఉంచితే కారం పట్టేస్తుంది. ఇలా కలిపినది కిలో 22 రూపాయలు పడిందనుకుందాం.

ఇక అసలు ప్రశ్న. అమెరికాలో ఎడ్లను చివరి నాలుగైదు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, కట్టేసి మొక్కజొన్న పెడతారు. అక్కడ కోసిన మాంసానికి వ్యవసాయ శాఖ ప్రైమ్, ఛాయిస్ అని గ్రేడు వేస్తుంది. కండలో కొవ్వు చారలు ఎంత ఎక్కువుంటే అంత ధర. అంటే వాళ్ల గింజకు బరువు రూపంలో కొంత, గ్రేడు రూపంలో కొంత తిరిగొస్తుంది. మన సంతలో కొవ్వు చారలకు పైసా కూడా ఎక్కువ ఇవ్వరు. కాబట్టి యూట్యూబ్‌లో వాళ్ల షెడ్లు చూసి మనం గింజ పెడితే మన చేతికి తిరిగి రాగలిగేవి రెండే: బరువు, రోజులు.

రోజులంటే ఏమిటో చాలామంది లెక్కలో వేయరు. పశువు పాకలో ఉన్న ప్రతి రోజుకూ ఓ అద్దె ఉంది. మనిషి శ్రమ, పాక తరుగు, పెట్టిన డబ్బుకు వడ్డీ, చచ్చిపోతుందేమో అన్న భయానికో రూపాయి. నేను పశువుకు రోజుకు 15 వేస్తాను.

7. మూడు దారులు, ఒకే దూడ

90 కిలోల దూడ, 8,000 రూపాయలకు కొన్నాం. 300 కిలోలు కాగానే అమ్ముతాం. బతికున్న బరువు మీద కిలో 140 అనుకుంటే 42,000 వస్తుంది. పెరగాల్సింది 210 కిలోలు. ఈ మధ్య కాలంలో సగటున రోజుకు ఐదు కిలోల ఎండు బరువు మేత తింటుంది. మందులకు, ఖనిజ లవణాలకు ఏ దారిలోనైనా రోజుకు 4 రూపాయలు.

గడ్డి దారి: ఎండుగడ్డి 2.8 కిలోలు, పచ్చగడ్డి పన్నెండున్నర కిలోలు. రోజుకు మేత, మందు 34 రూపాయలు. పెరుగుదల 300 గ్రాములు. 700 రోజులు పడుతుంది.

మధ్య దారి: దాణా కిలో 200 గ్రాములు, ఎండుగడ్డి 2.2 కిలోలు, పచ్చగడ్డి 10 కిలోలు. రోజుకు 54 రూపాయలు. పెరుగుదల 450 గ్రాములు. 467 రోజులు.

దాణా దారి: దాణా 3 కిలోలు, ఎండుగడ్డి 1.4 కిలోలు, పచ్చగడ్డి ఆరుంబావు కిలోలు. రోజుకు 85 రూపాయలు. పెరుగుదల 600 గ్రాములు. 350 రోజులు.

మేత ఖర్చు మాత్రమే చూస్తే కిలో బరువుకు గడ్డి దారిలో 113, మధ్య దారిలో 120, దాణా దారిలో 142 పడుతుంది. గడ్డే గెలిచినట్టుంది. నేను రెండో జట్టులో మోసపోయింది ఇక్కడే.

పాక అద్దె 15 కలపండి. గడ్డి దారి రోజుకు 49, 700 రోజులకు 34,300. మధ్య దారి రోజుకు 69, 467 రోజులకు 32,223. దాణా దారి రోజుకు 100, 350 రోజులకు 35,000. వీటికి దూడ ఖరీదు 8,000 కలిపి 42,000 లోంచి తీసేస్తే గడ్డి దారిలో 300 నష్టం, మధ్య దారిలో 1,777 లాభం, దాణా దారిలో 1,000 నష్టం.

ఎందుకలా? గడ్డి నుంచి మధ్య దారికి రావడానికి రోజుకు 20 రూపాయలు ఎక్కువ పెట్టాం. దానికి 150 గ్రాములు ఎక్కువ పెరిగింది, 21 రూపాయలు. బరువు రూపంలో మిగిలింది ఒక్క రూపాయే. కానీ 233 రోజుల పాక అద్దె మిగిలింది, 3,495 రూపాయలు. మధ్య దారి నుంచి దాణా దారికి వెళ్లడానికి ఇంకో 31 రూపాయలు పెట్టాం. వచ్చింది మళ్లీ అదే 150 గ్రాములు, అదే 21 రూపాయలు. మిగిలిన రోజులు 117 మాత్రమే. మొదటి కిలో దాణా చేసిన పని మూడో కిలో చేయదు. మొదటి కిలో, పొట్టలో వరిగడ్డి అరగడానికి సాయపడుతుంది. మూడో కిలో ఆ గడ్డిని పక్కకు తోసేసి తను కూర్చుంటుంది.

1,777 కోసం పదిహేను నెలలా అని మీరు అడగొచ్చు. అంతా కొని పెంచితే ఇంతే, నేను దాచను. ఇదే మధ్య దారిలో సొంత చేలో గడ్డి ఉన్నవాళ్ల లెక్క చూడండి. కట్టల మిషన్ వాడు చేలోనే కొనుక్కుపోయే ధర, మోత, మేటు వేసే కూలి కలిపి ఎండుగడ్డికి రూపాయిన్నర వేద్దాం. సొంత గడ్డి కదా అని సున్నా వేయకండి, అమ్ముకుంటే వచ్చే డబ్బు అది. పచ్చగడ్డిలో సగం గట్ల మీద నుంచి తెచ్చుకుంటారు. రోజు ఖర్చు అద్దెతో కలిపి 69 నుంచి 56కు దిగుతుంది. 467 రోజులకు 26,152. అప్పుడు పశువుకు 7,800 పైన మిగులుతుంది. పేడ వేరే. ఈ కాలంలో ఒక్కో పశువు దగ్గర ట్రాక్టరు ట్రక్కుకు పైనే ఎరువు పోగవుతుంది.

మీ ధరలతో కట్టేటప్పుడు ఒక్క కిటుకు. దాణా కిలో ధర, సంతలో బతికున్న బరువు కిలో ధర రెండూ పక్కపక్కన రాసుకోండి. నా లెక్కలో 22, 140. అంటే ఒకటికి ఆరు చిల్లర. ఈ నిష్పత్తి ఎనిమిది దాటితే దాణా పెంచడం గురించి ఆలోచించండి. ఐదుకు పడిపోతే తగ్గించి, పిల్లిపెసర, మాగుడు గడ్డి మీద నడపండి.

8. ఆఖరి రెండు నెలలు

అమ్మబోయే ముందు 60 రోజులు దాణా 3 కిలోలకు పెంచాలా? రోజుకు 31 చొప్పున 1,860 అదనంగా పెట్టాలి. బాగానే కండ పట్టిన పశువైతే ఎక్కువ పెరిగేది 9 కిలోలు, 1,260 రూపాయలు. అనవసరం. ఎముక పెద్దదై, వేసవిలో మేత చాలక ఎండిపోయిన దున్న అయితే కథ వేరు. చిక్కిన పశువు మేత దొరగ్గానే తేరుకునే వేగం మామూలు కన్నా ఎక్కువ. అలాంటిది 15, 18 కిలోలు కూడా ఎక్కువ పెరుగుతుంది. అప్పుడు 2,100 నుంచి 2,500. పైగా కొనేవాడు కాటా వేయడు, కంటితో చూస్తాడు. తోక మొదట్లో గుంట పూడి, పిర్రలు నిండుగా కనిపిస్తే బేరం అక్కడే తేలిపోతుంది. కాబట్టి పాకలో అన్నిటికీ ఒకేలా పెంచకండి. టేపు, కన్ను రెండూ చూసి ఒక్కోదానికి తేల్చుకోండి.

పెంచేటప్పుడు రెండు మూడు రోజులకు పావు కిలో చొప్పునే. ఇది నాకు డబ్బు పోసి నేర్పించింది మా పెదనాన్న గారింటి పెళ్లి. భోజనాలయ్యాక బోలెడు అన్నం మిగిలింది. పారేయడం ఎందుకని రెండు గంపలు తెచ్చి ఓ దున్న ముందు కుమ్మరించాను. ఆవురావురుమంటూ తింది. రాత్రి పదింటికి పడుకుంది, లేవలేదు. ఎడమ డొక్క బిగుసుకుపోయింది, నమరడం ఆగిపోయింది. ముక్కు ఎండిపోయి, నీళ్ల చారలాంటి పారుడు. డాక్టరు గారు వచ్చి వంటసోడా పట్టించి, సెలైన్లు ఎక్కించి తెల్లవారేదాకా కూర్చున్నారు. బతికింది గానీ నెల రోజులు బరువు పెరగలేదు. అన్నం, నూకలు, పిండి ఒక్కసారిగా పడితే పొట్టలో ఆమ్లం ఊరి పశువు చస్తుంది. దాణా ఎప్పుడూ రెండు పూటలుగా, ముందు కాస్త ఎండుగడ్డి తిన్నాకే పెట్టండి.

9. డెల్టా జబ్బులు

మన కాలవ గట్ల గడ్డిలో దాక్కున్న శత్రువు కార్జపు జలగ. నత్తల ద్వారా గడ్డికి అంటుకుని కడుపులోకి పోతుంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే అదే. అప్పటికే ఆలస్యమైనట్టు. అలాంటి పశువుకు మీరు ఎంత దాణా పెట్టినా జలగకే. వానలకు ముందోసారి, వానలు తగ్గాక ఓసారి, జలగలకు పనిచేసే మందే అడిగి పట్టించండి. మామూలు నట్టల మందులన్నీ దీనికి పనిచేయవు. నీళ్లలో మునిగి ఉన్న గడ్డిని మొదలంటా కోయకుండా నీటి పైభాగమే కోసి, ఓ పూట ఆరబెట్టి వేయండి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే. గాలికుంటుకు శాఖ వాళ్లు వేసే టీకా తప్పించుకోవద్దు. వేసవిలో గేదె జాతికి రోజూ ఓసారైనా నీళ్లలో పొర్లే వీలుండాలి. లేకపోతే మేత తగ్గించేస్తుంది, మీ లెక్కలో 450 గ్రాములు 200 అయి కూర్చుంటుంది.

10. అమ్మకం

సంతలో బేరం ఇప్పటికీ కొన్నిచోట్ల తుండుగుడ్డ కింద వేళ్ల మీదే నడుస్తుంది. ఆ మూగ బేరంలో నేను రెండుసార్లు బోల్తా పడ్డాను. ఇప్పుడు నేను సంతకు తోలను, బేరగాడినే పాకకు రమ్మంటాను.

"ఏవండీ, మనిషి చూస్తే మంచోళ్లలా ఉన్నారు, ముప్పై ఐదు ఇచ్చేస్తానండి," అన్నాడు పోయినసారి వచ్చినాయన.

"టేపు లెక్కన 296 కిలోలుందండి. కిలో ఎంత పడిందో మీరే చెప్పండి," అన్నాను, పుస్తకం ముందుపెట్టి.

ఆయన పుస్తకం వంక, నా వంక చూసి నవ్వి, "రైతులు కూడా లెక్కలు నేర్చేసుకుంటే మేమెలా బతకాలండీ," అంటూనే నలభై ఒకటికి తెగ్గొట్టాడు. కిలో 138 పైన పడింది.

దసరా, సంక్రాంతి పండగలు చూసుకుని కాదు, మేత చూసుకుని అమ్మండి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక గడ్డి లేక అందరూ ఒకేసారి తోలుకొస్తారు, ధర పడుతుంది. మీ పశువు మార్చికే సిద్ధమైతే ఇంకో నెల చూద్దామని ఆగకండి. సిద్ధమవకపోతే జూన్‌లో నీళ్లు వదిలేదాకా దాచిన మేతతో నెట్టుకురండి. దున్న బరువు 300 దాటాక పెరుగుదల మందగిస్తుంది, తిండి మాత్రం పెరుగుతుంది. వరసగా రెండు నెలల కొలతలో రోజుకు 300 గ్రాముల లోపు పడితే ఇక ఉంచొద్దు.

అమ్మినప్పుడు కొన్నాయన పేరు, బండి నంబరు, చెవి పోగు నంబరు రాయించుకుని కాగితం తీసుకోండి. లారీలో ఎక్కించే ముందు డాక్టరు సర్టిఫికెట్, నీళ్లు, మేత చూసుకునే బాధ్యత కొన్నవాడిదే అయినా, మీ వాకిట్లో ఇరుకుగా కుక్కుతుంటే అభ్యంతరం చెప్పండి. దారిలో పట్టుబడితే మొదట బయటికొచ్చేది మీ పేరే.

బండి వెళ్లాక ఆ రోజే గాడి కడిగి, పాక నేల మీద సున్నం చల్లి, కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచి, అప్పుడు కొత్త దూడల కోసం బయల్దేరండి.